గురువారం ఎవరికి

జీపు ఇంకా ఆగకముందే దూకేసే మనిషి ఆమె. విద్యా కార్యాలయంలో అందరూ పాదరసం టీచరంటారు, అదీ ఆమెకు వినపడేలాగే అంటారు. ఆమె ఏమీ అనుకోదు. అనుకునే తీరిక ఉంటే కదా.

ఆ కార్యాలయం సంగతి కాస్త చెప్పుకోవాలి. కొండల్లో, లోయల్లో విసిరేసినట్టున్న చిన్న చిన్న బడులన్నిటికీ అదే పెద్ద దిక్కు. ఏ బడికీ సొంతంగా సంగీతం టీచరునో, సైగల టీచరునో పెట్టుకునే తాహతు లేదు. అందుకని మనుషుల్ని పంచుకుంటారు, రోజుకో బడి చొప్పున. రోడ్లు తెగినా, జీపు మొరాయించినా, పైవాళ్లు "గుప్పెడు పిల్లలకి ఇన్ని బడులెందుకు" అని ముక్కు విరిచినా, ఒక్క బడి కూడా మూతపడకుండా నెట్టుకొచ్చారు. ఇందుకు వాళ్లను మెచ్చుకున్నవాళ్లు లేరు. మెచ్చుకోకపోతే పోయె, జీపుకి టైర్లు మార్పిస్తే చాలంటాడు డ్రైవరన్న.

పాదరసం పని చెవులు వినపడని పిల్లలకు సైగల భాష నేర్పడం. గురువారం వంతు అన్నిటికంటే పైనున్న బడిది. అక్కడ పిట్ట ఉంది. నాయనమ్మ పెట్టిన ముద్దుపేరది. ప్రతి గురువారం పొద్దున్నే పిట్ట గేటు పట్టుకు వేలాడేది. జీపు కనపడగానే వారమంతా దాచుకున్న కబుర్లన్నీ చేతుల్లోంచి కుమ్మరించేది. మిగతా రోజుల్లో ఆ పిల్లతో మాట్లాడే దిక్కు లేదు. నాయనమ్మకి వచ్చిన సైగలు నాలుగే: తిను, పడుకో, రా, వద్దు. ఆ నాలుగింటితో ఒక పిల్ల ఎలా పెరుగుతుందని టీచరు కుమిలిపోయేది.

ఒక బుధవారం సాయంత్రం ఆఫీసరుగారు పిలిచారు.

"అవతలి లోయ బడిలో కొత్తగా ఒక పిల్లాడు చేరాడమ్మా. వినపడదు. ఒక్క సైగా రాదు. రోజంతా మూల కూర్చుని గోడ గీకుతున్నాడట. మీకేమో ఖాళీ రోజు లేదు. ఎక్కడో ఒకచోట మానెయ్యాలి."

"గురువారం తప్ప ఏదైనా తీసెయ్యండి సార్."

"మిగతా బడుల్లో ఇద్దరేసి, ముగ్గురేసి ఉన్నారు. అక్కడ ఒక్కతే. రేపు వెళ్లి చూసొచ్చి మీరే చెప్పండి."

మర్నాడు దారి పొడుగునా ఆమె కాలుగాలిన పిల్లిలా సీట్లో అటూ ఇటూ జరుగుతూనే ఉంది. ముక్కూ మొహం తెలియని ఆ పిల్లాడి మీద కోపం వచ్చింది. పసివాడి మీద కోపమేమిటని తన మీద తనకే రోత పుట్టింది. దారిలో రాళ్లు దొర్లిపడి ఆలస్యమైంది. తీరా వెళ్తే గేటు దగ్గర ఎవరూ లేరు. బడి చుట్టూ పరుగెత్తింది.

వెనక వసారాలో పిట్ట నలుగురు పిల్లలతో పోట్లాడుతోంది. చేతులతోనే. ఆటలో ఎవరో తొండి చేశారట. టీచరును చూసి అరచెయ్యి అడ్డం పెట్టింది, ఆగమని. మళ్లీ పోట్లాటలో పడింది.

టీచరు ఆగింది. గురువారాలు పిట్టను విడిగా కూర్చోబెట్టి నేర్పేది కాబట్టి, మిగతా పిల్లలకి ఇన్ని సైగలు వచ్చని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. ఒకటి మాత్రం అర్థం కాలేదు. పిల్లలందరూ చిటికెన వేలు పుల్లలా బిగబట్టి సైగ చేస్తున్నారు. తను అలా ఎప్పుడూ నేర్పలేదే అనుకుంటూ తన చెయ్యి చూసుకుంది. ఎప్పుడో జీపు తలుపులో నలిగిన చిటికెన వేలు, అప్పటినుంచీ వంగదు. ఆమెను చూసి పిట్ట, పిట్టను చూసి వీళ్లూ, వంగని వేలుతో సహా నేర్చేసుకున్నారు. నవ్వొచ్చింది. నవ్వు వెంటే ఏడుపూ వచ్చింది.

"నాలుగు క్లాసులు చూస్తాను, ఇంత నిశ్శబ్దంగా ఉండే క్లాసు ఇంకోటి లేదు," అంది వెనకే వచ్చిన క్లాసు టీచరు. "ఇంత అల్లరి క్లాసూ లేదు. నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక సంత."

ఇంకో నిమిషం ఆలోచిస్తే నోరు రాదని, పాదరసం వెంటనే ఆఫీసుకు ఫోను చేసింది. "గురువారం ఆ బాబుకి ఇచ్చెయ్యండి సార్."

తరవాత పిట్టను పక్కకు పిలిచి సైగలతో చెప్పింది. వచ్చే వారం నుంచి రాను. ఇంకో బడిలో ఒక అబ్బాయికి మాట్లాడేవాళ్లు లేరు. నీకు వీళ్లంతా ఉన్నారు. అప్పుడప్పుడూ వస్తాను.

పిట్ట గట్టిగా కళ్లు మూసుకుంది.

అంతే. ఇక ఆ పిల్లకు ఏం చెప్పినా చేరదు. టీచరు చేతులు గాల్లోనే ఉండిపోయాయి. భుజం మీద చెయ్యి వేస్తే విదిలించేసింది. కింద డ్రైవరన్న హారన్ కొట్టాడు, మబ్బు పడుతోంది, మళ్లీ రాళ్లు దొర్లేలోపు దిగాలి.

ఇందాక పిట్టతో పోట్లాడిన పిల్ల దగ్గరికొచ్చి సైగ చేసింది. "మా మీద అలిగినా ఇంతే. తెరిచేదాకా ఎదురుగా కూర్చుంటాం." అని తనే ముందు చతికిలబడింది.

హారన్ మళ్లీ మోగింది. టీచరు ఆ పిల్ల పక్కనే, పిట్టకు ఎదురుగా, నేల మీద కూర్చుంది. ఆ రెప్పలు తెరుచుకుంటే మొదట ఏం చెప్పాలో ఆమెకు ఇంకా తోచలేదు.