కొలిచినవాడే పరచాలి

ఈత టీచరమ్మకు నీళ్లంటే భయం లేదు. భయమల్లా మొగుడి మౌనమంటేనే. పక్షవాతం వచ్చి లేచాక ఆయన కుడిచెయ్యి సగం పోయింది. మాట మిగిలింది కానీ అంకెలు జారిపోతున్నాయి. అది తెలిసినప్పటి నుంచి మాట్లాడటమే తగ్గించేశాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఏ ఈతకొలనుకు లైనర్ వెయ్యాలన్నా ఆయన్నే పిలిచేవాళ్లు. నడుముకు ఎప్పుడూ కొలత టేపు వేలాడేది కనుక టేపాయన అన్న పేరు స్థిరపడింది. పెళ్లిపీటల మీద కూడా అది ఆయన నడుముకే ఉందని ఆవిడ ఆటపట్టించేది. అందులో అబద్ధం కొంచెమే.

ఇంటి వెనక, ఆవిడ పిల్లలకు ఈత నేర్పే కొలనుకు లైనర్ కూడా ఆయన చేత్తో వేసిందే. గోడలనూ అడుగునూ కప్పి ఉంచే ఆ నీలం ప్లాస్టిక్ తొడుగు ఈ ఏడు లోతు వైపు చిరిగింది. అతుకు వేస్తే ఆ పక్కన చిరిగింది. ఎండలు ముదిరితే పిల్లలు వస్తారు, వాళ్లు రాకపోతే ఇల్లు గడవదు. కొత్తది వేయించక తప్పదు. ఎవరి చేత అన్నదే చిక్కు. పరాయివాడెవడో తన కొలనులోకి దిగుతుంటే కుర్చీలో కూర్చుని చూడాల్సివస్తే, ఆయనలో మిగిలిన ఆ కాస్త ప్రాణమూ పోతుందని ఆవిడ బెంగ.

మొదట వచ్చిన కాంట్రాక్టరు కొలను కంటే తన ఫోన్‌నే ఎక్కువ చూశాడు.

"పాతదాని మీదే కొత్తది కప్పేద్దామండీ, సాయంత్రానికల్లా అయిపోతుంది."

"కింద కుళ్లిందాన్నేం చేస్తావ్?" అని టేపాయన అడిగితే, జవాబు ఆవిడకు చెప్పాడు. ఆవిడ అతన్ని మర్యాదగా గేటు దాకా సాగనంపింది. రెండోవాడు పని తెలిసినవాడే. కానీ నోరు ఊరుకోలేదు. "లోపలికెళ్లి పడుకో తాతా, ఎండగా ఉంది" అన్నాడు. అరవై నిండని మనిషిని పట్టుకుని తాతా! ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

ఆ పూట అన్నం దగ్గర టేపాయన నోరు తెరిచాడు. "ఎవడైనా పరచనీ. కొలత మాత్రం నేనే తీస్తాను."

అలా ఎవడూ ఒప్పుకోడని ఆవిడకు తెలుసు. కొలిచినవాడే పరచాలన్నది ఆ వృత్తిలో కట్టుబాటు. లైనర్‌ను కొలత ప్రకారం ఫ్యాక్టరీలో అతికించి తెస్తారు. పొట్టిదైతే మూలల్లో చిరుగుతుంది, పొడుగైతే ముడతలు పడుతుంది. తప్పు నీదంటే నీదని కొట్టుకోవడమే మిగులుతుంది. కుర్రాళ్లకు ఈ కట్టుబాటు నూరిపోసిందీ టేపాయనే.

ఇక మిగిలింది ఆయన శిష్యుడు. ఇప్పుడు సొంతంగా కాంట్రాక్టులు చేస్తున్నాడు. ఆవిడ వెళ్లి సంగతి చెబితే విని తల పట్టుకున్నాడు.

"వదినా, ఇంకొకడి కొలత మీద పని ముట్టుకోవద్దని నా చెవి మెలేసి చెప్పింది అన్నే కదా!"

"నువ్వూ కాదంటే నేనెక్కడికి పోను అబ్బాయీ?"

శిష్యుడు దిగొచ్చాడు. "సరే, అన్ననే కొలవనీ. తర్వాత ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే రోజు నేనొచ్చి మళ్లీ కొలుచుకుంటా, గేటు తాళం నాకియ్యి." ఆవిడ తాళం ఇచ్చింది. ఇచ్చాక దొంగతనం చేసినదానిలా ఇంటికి నడిచింది.

ఖాళీ కొలనులోకి టేపాయన కూర్చుని జారుతూ దిగాడు. ఆవిడ టేపు కొస పట్టుకుంది. "బిగించి పట్టు, అది జడ కాదు!" అని కసిరాడు. ఎన్నాళ్లకు కసిరాడో! ఆవిడకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. ఆ రోజు మారు వడ్డించుకుని తిన్నాడు. తీరా మర్నాటికి మళ్లీ మూగవాడైపోయాడు. అలసట అనుకుందావిడ.

లైనర్ వచ్చింది. శిష్యుడూ పనివాళ్లూ దాన్ని ఎండలో వెచ్చబెట్టి మెత్తబడ్డాక పరిచారు. వెనకనున్న గాలిని మిషనుతో లాగేస్తే గోడలకు చర్మంలా అతుక్కుంది. ఒక్క ముడత లేదు.

"చూడన్నా నీ కొలత! వెంట్రుకవాసి తేడా రాలేదు!" శిష్యుడు గట్టిగా అరిచాడు. కాస్త ఎక్కువ గట్టిగానే అరిచాడు.

టేపాయన లోతు వైపు చూశాడు. తనను లోపలికి తీసుకెళ్లమని ఆవిడకు సైగ చేశాడు.

మంచం మీద కూర్చున్నాక అన్నాడు, "లోతు దగ్గర ఏటవాలు పొడవు కలపడం మర్చిపోయాను. మర్నాడే గుర్తొచ్చింది. నా లెక్కకైతే అది మూరెడు పొట్టి రావాలి."

తమ గుట్టు ఆయనకు తెలిసిపోయిందని ఆవిడకు అర్థమైంది. "మరి చెప్పలేదేం?"

"సిగ్గేసింది. పొట్టి వస్తే వాడు తిడతాడు, నువ్వూ తిడతావు, పడదామనుకున్నా. పనివాడన్నాక తప్పు చేస్తాడు, తిట్లు తింటాడు." ఎడమచేత్తో తంటాలుపడి నడుము నుంచి టేపు విప్పి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఆ తిట్లు కూడా నాకు దక్కనివ్వలేదు మీరు."

బయట నీళ్లు వదిలారు. "వదినా, వచ్చి చూడు!" అని శిష్యుడు కేకేస్తున్నాడు. ఆవిడ టేపు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తిరిగి ఇవ్వడానికి మొహం లేదు, ఎక్కడైనా పెట్టడానికి చెయ్యి రాలేదు.