శనివారాలు నడిచిన అత్తయ్య

మా అత్తగారు పోయిన నెల కాలం చేశారు. దినాలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను మంచి కోడలన్నారు. తల వంచుకుని విన్నాను.

ఆవిడకు వణుకుడు జబ్బు. మిరపకాయలకు తొడిమలు తీయడంలో మా వీధిలో ఆవిడంత చురుకైన చెయ్యి లేదు. చివరి ఏళ్ళలో ఆ చేతులు బిగుసుకుపోయేవి. నడుస్తూ నడుస్తూ ఆగిపోయేవారు. "కాళ్ళకు నా మాట వినపడటం లేదమ్మాయ్" అని నవ్వేవారు.

మాత్ర ఖాళీ కడుపున పడకూడదని నా భయం. ముద్దపప్పు, గడ్డపెరుగు తినిపించి, ఆఖరి ముద్దతో మాత్ర వేసేదాన్ని. నీరసపడితే ఇంకో గరిటె పెరుగు. శనివారం మాత్రం ఆవిడ ఒంటిపూట. పగలు ఒక అరటిపండుతో మాత్ర వేసుకునేవారు. ఆ రోజు లేచి తిరిగేవారు, తులసికోటకు తానే నీళ్ళు పోసేవారు. వెంకటేశ్వరస్వామి దయ అనుకున్నాను. కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. అలా రెండేళ్ళు.

గుంటూరులో నరాల డాక్టరమ్మకు ఈ సంగతి స్వామి మహిమగానే చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు. రక్తంలో ఉన్నదల్లా మెదడులోకి వెళ్ళదనీ, మధ్యలో కావలి ఉంటుందనీ చెప్పారు. ఈ మందు వెళ్ళే దారినే పప్పూ పెరుగూ అరిగాక వచ్చే మాంసకృత్తుల ముక్కలూ వెళ్తాయట.

"సీజన్లో మిర్చి యార్డు గేటు చూశారుగా? అన్ని లారీల మధ్య మీ ఆటో ఎప్పటికి లోపలికి పోతుంది? మాత్ర ముందు వేయండి. అన్నం గంట ఆగి పెట్టండి."

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అత్తగారే నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"అయితే వెంకన్న కాదంటావా?"

"మిమ్మల్ని కదలకుండా చేసింది నేనే అత్తయ్యా."

"వారానికొక రోజు ఆయన చూపిస్తూనే ఉన్నాడు. మనిద్దరం దండం పెట్టి ఊరుకున్నాం." నా మోకాలు తట్టి, "పెరుగు మాత్రం బాగుండేది" అన్నారు.

ఆ తర్వాత ఒక ఏడాది బాగా తిరిగారు. ఆపైన జబ్బు ముదిరింది.

మైల తీరాక గోడలకు సున్నం వేసేవాళ్ళు వచ్చారు. వసారా గోడ వదిలేయమన్నాను. దాని మీద నడుము ఎత్తున ఆవిడ అరచెయ్యి రాసుకుపోయిన జిడ్డు గీత ఉంది. నడిచిన మేర సన్నగా ఉంది. ఆగిపోయి నిలబడిన చోటల్లా అరచేతంత మచ్చ. అన్నిటికంటే నల్లటిది వంటింటి గుమ్మానికి మూడడుగుల దూరంలో ఉంది. లోపల నేను ఉండేదాన్ని. ఆవిడ ఒక్కసారీ పిలవలేదు.