జీలకర్ర బెల్లం నిలిచిన కొప్పు

నా డైరీలన్నింటిలోకి పాతది ఒక చిన్న నోటుబుక్కు. కుట్టు ఊడిపోయింది, కాగితం గోధుమరంగు తిరిగింది. దాంట్లో ఒక పేజీలో మూడే వాక్యాలున్నాయి. "ఆడబిడ్డ పెండ్లి అయింది. కొప్పు నేనే కట్టిన. ఆకు పడలేదు."

ఆ తరువాత నేను చాలా ఏళ్ళు బడిలో ఆడపిల్లలకు కుట్టుపని, అల్లికలు నేర్పాను. రిటైరయ్యాను. డైరీల్లో ఎన్నో సంగతులు రాశాను. అయినా పెట్టె తెరిచినప్పుడల్లా ముందు ఆ పేజీయే తీస్తాను. ఆ మూడు వాక్యాల వెనక పదిహేను రోజుల పని ఉంది. దాన్ని అప్పుడు సరిగా రాయలేదు. ఇప్పుడు తీరిక దొరికింది.

అది నలభైల మొదట్లో, యుద్ధం నడుస్తున్న కాలం. నేను జహీరాబాదుకు కోడలిగా వచ్చి రెండేళ్ళయింది. మా పుట్టిల్లు న్యాల్‌కల్ దగ్గర ఒక పల్లె. జొన్న చేన్లు, కంది చేన్లు, ఇంట్లో తెలుగు, గడప దాటితే సగం కన్నడం. రాయడం నాన్న నేర్పాడు, జడలు వేయడం అమ్మమ్మ నేర్పింది. చుట్టుపక్కల ఊళ్ళలో పెండ్లయితే పెండ్లికూతురి తల అమ్మమ్మ చేతికే ఇచ్చేవాళ్ళు. నా పెండ్లి నాటికి నేనూ ఆరుగురు పెండ్లికూతుళ్ళకు జడ వేసి ఉన్నాను.

అత్తగారింట్లో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. వాళ్ళది బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఇంటి ఆడపిల్లల తల అత్తమ్మ ఒక్కతే ముట్టేది. పెండ్లి జడ అంటే ఆ ఇంట్లో ఒకటే పద్ధతి. నడిమి పాపిట తీసి నూనె పెట్టి బిగించి దువ్వడం, సొంత జుట్టుకు సవరం కలిపి నడుము దిగేదాకా అల్లడం, మెడ దగ్గరనుంచి కిందికి బంగారు జడబిళ్ళలు, చివర పట్టు కుచ్చులు. అంత బిగువుగా అల్లేది ఆమె. పెండ్లికూతురి కనుబొమ్మలు రెండు రోజులదాకా పైకే ఉండేవని ఇంట్లో నవ్వుకునేవాళ్ళు. నన్ను మాత్రం ఆ దువ్వెన పట్టనిచ్చేది కాదు. ఇంటికి ఎవరైనా వచ్చి నేనెవరని అడిగితే, "మావాని పెండ్లాం" అనేది. మా కోడలు అన్న మాట ఆ రెండేళ్ళలో నేను ఆమె నోట వినలేదు.

మా ఆడబిడ్డ, అంటే నా భర్త చెల్లెలు, అత్తమ్మకు ఒక్కతే కూతురు. పట్నంలో పిన్ని ఇంట్లో ఒక ఏడాది ఉండి వచ్చింది. పెండ్లి కుదిరి, లగ్నపత్రిక రాసిన మరునాడే మాట బయటపెట్టింది.

"జడ వద్దమ్మా. కొప్పు కట్టుకుంట. పక్క పాపిట తీసి, ముందర జర ఎత్తుగ దువ్వి, ఎనక మెడ మీద కొప్పు. పట్నంల పెండ్లిపిల్లలందరు గట్లనే చేసుకుంటున్రు."

"పక్క పాపిట తీస్తె పాపిడిబిళ్ళ యాడ పెడ్తవే? చెవుకు ఏలాడేస్తవా?" అంది అత్తమ్మ.

"సరే, నడిమి పాపిటనే తియ్యి. పాపిట నీది, కొప్పు నాది."

"చిరాగ్‌పల్లిల ఏమయిందో మరిచినవా?"

అంతకు ముందు ఏడాది చిరాగ్‌పల్లిలో అత్తమ్మ చెల్లెలి బిడ్డ పెండ్లి జరిగింది. ఆ పిల్ల కూడా పట్నం పద్ధతిలో జుట్టు ఉబ్బెత్తుగా దువ్వించుకుంది. మన పెండ్లిలో ముహూర్తం అంటే జీలకర్ర బెల్లమే. రెండూ కలిపి నూరిన ముద్దను తమలపాకు మీద పెట్టి, వధూవరులు ఒకరి నడినెత్తి మీద ఒకరు అదుముతారు. తలంబ్రాలు ముగిసేదాకా అది అక్కడే ఉండాలి. చిరాగ్‌పల్లి పిల్లకు పుస్తె కట్టకముందే ఆకు జారి ఒళ్ళో పడింది. పెండ్లికొడుకు మేనత్త అందరూ వినేటట్టు, "ఆకు నిలవని తల" అంది. పిల్ల కాపురం బాగానే ఉంది. కానీ ఆ పేరు పోలేదు. ఆమె సంగతి వస్తే అప్పటికీ, "ఎవరు, ఆకు జారిన పిల్లనా?" అనేవాళ్ళు. తన ఒక్క బిడ్డకు ఆ పేరు రాకూడదని అత్తమ్మ భయం. అది ఉత్త పట్టుదల కాదని నాకూ తెలుసు.

పిల్ల నా వైపు తిరిగింది. "వదినా, నువ్వు కడ్తవా?"

"కడ్త," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు.

అత్తమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "నువ్వా? మీ ఊర్ల కొప్పంటె కోడిగుడ్డంత ముడి."

"ఆకు పడకుండ కడ్త అత్తమ్మా."

"పడ్డదంటె ఆ పేరు దానికొక్కదానికే కాదు, నీకు కూడ. యాదికుంచుకో. పెండ్లినాడు పొద్దుగాల నేను చూస్త. మనసుకు రాకుంటె విప్పి జడ ఏస్త. సవరం చేతిల పెట్టుకొనే ఉంట."

పెండ్లికి పదిహేను రోజులుంది. రోజూ పగటి పూట, దుకాణంలో మగవాళ్ళుండగా, పెరట్లో పిల్లను కూర్చోబెట్టి కొప్పు కట్టి చూసేదాన్ని. జీలకర్ర బెల్లం ముహూర్తానికి ముందు నెత్తిన పెట్టడం అశుభం. అందుకని జొన్నపిండి తడిపి ముద్ద చేసి, తమలపాకు బదులు పెరట్లోని ఆముదపాకును చిన్నగా కత్తిరించి దాని మీద పెట్టేదాన్ని. ముందు గదిలో గోడ గడియారం ఉంది. పెట్టినప్పుడొకసారి, పడ్డప్పుడొకసారి చూసి రాసుకున్నాను. ఆ పేజీలన్నీ ఇప్పటికీ చదవడానికి వస్తాయి. "మొదటి రోజు: జారింది. రెండో రోజు: జారింది, నిన్నటికంటె తొందరగ. మూడో రోజు: తల స్నానం చేయించి కట్టిన. కూసోకముందే జారింది."

మూడో రోజు సంగతి నాకు ఎక్కువ దిగులు పుట్టించింది. పెండ్లినాడు మంగళస్నానం తప్పదు. నూనె, ఆ పైన కుంకుడు రసం. జుట్టు పట్టులా జారుతుంది. ముందర ఎత్తుగా దువ్వితే నడినెత్తి ఏటవాలు అవుతుంది. ఏటవాలు మీద నున్నటి జుట్టు, దాని మీద తడి ముద్ద. జారక ఏం చేస్తుంది? పిన్నులతో బిగిద్దామంటే యుద్ధం వల్ల బజారులో పిన్నులు లేవు. వీధి చివర నగలు చేసే అవుసలాయన రాగితీగ వంచి ఇరవై పిన్నులు చేసిచ్చాడు. అవి కొప్పుకు పనికొచ్చాయి గానీ ఆకును నిలపలేదు.

ఆరో రోజు బావి నుంచి నీళ్ళు తెస్తున్నాను. నెత్తిన బిందె, చంకన కడవ. వాకిట్లో పిల్ల ఏదో అడిగితే గభాలున తల తిప్పాను. బిందె కదలలేదు. అక్కడే నిలబడిపోయాను. బిందె నిలిచింది నా తల మీద కాదు, తల మీది సుట్టబట్టలో. బట్టను మెలేసి గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుంటాం చూడండి, అది. మా ఊళ్ళో ఆడవాళ్ళు దాని మీద రెండేసి బిందెలు పెట్టుకుని, చేతులు వదిలేసి మాట్లాడుకుంటూ నడుస్తారు.

బిందె దించి, పిల్లను అక్కడికక్కడే కూర్చోబెట్టాను. నడినెత్తిన కొంచెం జుట్టు విడిగా తీసి, సన్నటి జడ అల్లి, దాన్ని అక్కడే తమలపాకంత వెడల్పున గుండ్రంగా చుట్టి రాగి పిన్నులతో కుదించాను. మధ్యలో పల్లం. ఆ జడచుట్టు ముందరి అంచు మీదుగా ముందరి జుట్టు దువ్వితే, పట్నం వాళ్ళు లోపల ఏవో కుక్కి తెచ్చే ఎత్తు దానంతటదే వచ్చింది. మిగిలిన జుట్టంతా మెడ మీద కొప్పు.

"నా తల మీద సుట్టబట్ట చేస్తున్నవా వదినా? బిందె కూడ పెడ్తవా?"

"పెడ్త. నోరు మూసుకొని కూసో."

ఆకు పెట్టి, పిల్లను ఇసుర్రాయి దగ్గర కూర్చోబెట్టి జొన్నలు విసరమన్నాను. వంగుతూ లేస్తూ మానెడు జొన్నలు విసిరింది. ఆకు పడలేదు. ఆ రోజు పేజీలో గీతలు గీసి పెట్టుకున్నాను, ఒకదాని కింద ఒకటి, మూడు.

పెండ్లినాడు పొద్దున మొగుడంపల్లి తోట నుంచి కనకాంబరాలు, మల్లెలు బండి మీద వచ్చాయి. జడచుట్టు కనబడకుండా దాని చుట్టూ కనకాంబరాల వరుస, కొప్పు చుట్టూ మల్లెలు, పాపిట్లో పాపిడిబిళ్ళ. అత్తమ్మ వచ్చింది. చంకలో బట్టలో చుట్టిన సవరం. పిల్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది. నడినెత్తి మీద బొటనవేలు పెట్టి అదిమింది.

"ఇదేంది? సుట్టబట్టనా?"

"అవునత్తమ్మా. జుట్టుతోని చేసిన."

ఆమె వేలు తీసేసింది. విప్పలేదు. సవరం మూట మాత్రం చంకలోంచి తీయకుండా పందిట్లోకి పోయింది.

అప్పటిదాకా నాకు భయం లేదు. జీలకర్ర బెల్లం పళ్ళెం తెచ్చినప్పుడు పట్టుకుంది. పదిహేను రోజులూ నేను జొన్నపిండితో చూశాను. జొన్నపిండి ముద్ద కరగదు, ఎండితే ఇంకా గట్టిపడుతుంది. బెల్లం అట్లా కాదు. వైశాఖం ఎండకు పళ్ళెంలో ముద్ద కరిగి పాకంలా జారుతోంది. ఇంత తేలిక సంగతి నాకు తట్టనేలేదు. అన్నీ రాసుకున్నాను, ఎండ సంగతి రాసుకోలేదు.

తెర దించారు. పెండ్లికొడుకు బీదరు వైపు వాడు, పొలం పని చేసిన చెయ్యి. ఆకును నడినెత్తిన పెట్టి గట్టిగా అదిమాడు. నేను పిల్ల వెనక నిలబడ్డాను. బెల్లం నీరు ఒక సన్నటి గీతగా కారి చెవి వెనకకు దిగింది. పుస్తె కట్టించుకోవడానికి పిల్ల తల వంచింది. ఆకు నిలిచింది. అక్కడికి చిరాగ్‌పల్లి దాటాం.

తలంబ్రాలు మిగిలాయి. పెండ్లికొడుకు వైపు వాళ్ళు, "పొయ్యరా, భయపడకు! రేపటి నుంచి ఆమెదే రాజ్యం!" అని అరుస్తున్నారు. మా వాళ్ళు, "పిల్లా, లేచి నిలబడి పొయ్యి!" అని రెచ్చగొడుతున్నారు. దోసిళ్ళకు దోసిళ్ళు బియ్యం తల మీద పడుతున్నాయి. పిల్ల నవ్వుతూ తల అటూ ఇటూ తిప్పుతోంది. ఒక పెద్ద దోసిలి పడ్డప్పుడు ఆకు ఒక అంచు పైకి లేచింది.

నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకు పోయింది. అత్తమ్మ మణికట్టు పట్టుకుంది.

"ముట్టకు. నువ్వు పట్టుకుంటె పడ్డట్టే లెక్క. నిలిస్తె అదే నిలవాలె."

ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. చివరి దోసిలి పోసేదాకా నా చెయ్యి వదల్లేదు. బియ్యం అయిపోయాయి. లేచిన అంచు మళ్ళీ చుట్టు లోపలికి ఒరిగింది. ఆకు అక్కడే ఉంది.

అత్తమ్మ చంకలోని మూట తీసి నా చేతిలో పెట్టింది. "సవరం పెట్టెల పెట్టి రా," అంది. అంతే. నేను లోపలికి పోతుంటే పెండ్లికొడుకు నానమ్మ ఆమెను అడగడం వినబడింది. ఆ ముసలమ్మ పిల్ల కొప్పును నాలుగు వైపులా చూస్తోంది.

"ఎవరు కట్టిన్రు ఈ కొప్పు? పట్నం నుంచి పిలిపించిన్రా?"

"పట్నమెందుకు? మా కోడలు కట్టింది. న్యాల్‌కల్ దిక్కు పిల్ల. వాళ్ళూర్ల గిట్లనే కడ్తరు."

మా ఊళ్ళో ఎవరూ అట్లా కట్టరు. నేను ఆ మాట దిద్దలేదు. మూట పట్టుకుని గడప మీద ఒక్క నిమిషం నిలబడ్డాను.

మరునాడు ఆకు తీయడానికి కూర్చుంటే రాలేదు. కరిగిన బెల్లం చుట్టులోకి దిగి, ఆరి, ఆకునూ జుట్టునూ కలిపి పట్టేసింది. రెండు బిందెల వేడినీళ్ళు పోశాను.

"పడొద్దంటె గింత గట్టిగ అతికిస్తవా వదినా!" అని పిల్ల కళ్ళనీళ్ళతో నవ్వింది. పక్కన నీళ్ళు తోడి ఇచ్చింది అత్తమ్మే. "ఊకో. పడ్డదానికంటె నయమే కద," అని బిడ్డను కసిరింది.

తరువాత ఆ చుట్టును చాలామందికి కట్టాను. ముద్ద గట్టిగా నూరమని, బెల్లం తగ్గించమని ముందే చెప్పడం నేర్చుకున్నాను, అది కూడా డైరీలో ఉంది. పెండ్లి కుదిరిన ఇంటివాళ్ళు వచ్చేది మాత్రం నా దగ్గరికి కాదు, అత్తమ్మ దగ్గరికి. ఆమె గడపలో కూర్చుని, పెండ్లికూతురు ఏ సింగారం అడుగుతోందో అంతా వినేది. పక్క పాపిటనా, ఎత్తు దువ్వడమా, పూలజడనా అని. ఆఖరికి ఒకే మాట చెప్పి పంపేది.

"పాపిట యాడ తీసుకుంటరో మీ ఇష్టం. నడినెత్తి మాత్రం మా కోడలిది."