పిడికిళ్ల డబ్బా

వంటత్త పోయిందన్న సంగతి నాకు గాజువాకలో బస్సెక్కాక తెలిసింది. చేపల గంప కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్న మా పాత కాలనీ వదిన నన్ను చూసి, కాస్త జరిగి చోటిచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది.

"మీ వంటత్త పోనాది. మొన్న మట్టి సేసీసినాం. నీకెవులూ సెప్పనేదేటి?"

చెప్పలేదు. ఉక్కునగరం నుంచి మా పాత కాలనీకి ఎంతని దూరం? ఒక్క మనిషి చేత కబురంపితే పరుగెత్తుకు వచ్చేదాన్ని. ముందు కోపం వచ్చింది. నాకెప్పుడూ ముందొచ్చేది కోపమే, బుద్ధి తర్వాత తీరిగ్గా వస్తుంది. నన్ను పిలవాలని వాళ్లకెందుకు తోస్తుందిలే అని అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. వదిన ఓదార్చలేదు. టిక్కెట్టు మాత్రం ఇద్దరికీ తనే తీసింది.

అత్త నాకు చుట్టం కాదు. డెబ్బైల్లో పోర్టు వెనక కాలనీకి నేను కాపురానికి వచ్చినప్పుడు పక్కింటావిడ. భర్త ఓడల్లో సరుకు దించే కలాసీ, నేను వచ్చేనాటికే లేడు. మా చర్చి రేకుల షెడ్డు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ అక్కడే బంతి భోజనం. ఆ వంట ఆమెదే కాబట్టి పాస్టరుగారితో సహా అందరికీ వంటత్త.

ఆ భోజనానికి బియ్యం ఎవరూ కొనేవాళ్లు కారు. ప్రతి ఇంట్లో ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి రోజూ ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసుకోవాలి. మిగిలిందాంట్లోంచి కాదు, ఆ పూటకి కొలుచుకున్న దాంట్లోంచే. అంటే ఆ మేరకు ఇంట్లో ఎవరో ఒకరు తగ్గించుకు తినాలన్నమాట. ఆదివారం ఆ బియ్యం మూట కట్టి తెచ్చి, గుమ్మం పక్కనున్న పాత నూనె డబ్బాలో పోసి లోపలికి వెళ్లాలి. దాన్ని పిడికిళ్ల డబ్బా అనేవాళ్లం. ఎవరు ఎంత పోశారో ఎవరూ చూసేవాళ్లు కారు.

డబ్బాలో రేషన్ బియ్యం, సన్నబియ్యం, ఉప్పుడు బియ్యం, నూకలు అన్నీ కలిసిపోయేవి. ఇన్ని రకాలు ఒకే గుండిగలో పోస్తే సగం ముద్ద, సగం పలుకు అవుతుందని నా భయం. కొత్త కోడలి తెలివితేటలు కదా, అదే మాట అత్తతో అన్నాను. ఆమె బియ్యం నానబోసి, సెగ తగ్గించి, గంజి వార్చే గడియ కోసం పొయ్యి ముందు గొంతుక్కూర్చుని చెప్పింది. "ముతక గింజ ఉడికేదాకా సన్న గింజ ఆగాలమ్మా. ఆగనంటే బంతెలాగవుద్ది?"

అన్నం మెత్తగానే ఉండేది. అంత గొప్ప అన్నమేం కాదు, అబద్ధం చెప్పను. కానీ ఆ వాసన ఇంకే ఇంట్లోనూ రాదు.

కూర ఒక్కటే. ఎవరైనా ఇంకో కూర వండుదామంటే ఒప్పుకునేది కాదు. రెండు కూరలుంటే ఏది బాగుందో చెప్పుకుంటారు, ఒకటే ఉంటే కష్టసుఖాలు చెప్పుకుంటారు అనేది. వడ్డించేటప్పుడు 'చాలా?' అని అడిగేది కాదు, అడిగితే ఎవరైనా చాలనే అంటారట, మొహం చూసి వెయ్యాలట. చివరికి తనూ అదే బంతిలో, అంచు సొట్టపోయిన కంచంతో, అప్పుడే ఓడ దిగివచ్చిన కూలీ పక్కనో, బడి పంతులుగారి పక్కనో చాప మీద కూర్చునేది.

ఒక ఏడు మా ఆయనకి పచ్చకామెర్లు వచ్చి మూడు నెలలు మంచం దిగలేదు. కడుపునిండా తిన్నది ఆదివారాలే. ఓ ఆదివారం నా మూటలో ఉన్నవి నాలుగు నూకలు. డబ్బా దగ్గర సిగ్గుపడి నిలబడిపోతే, అత్త వచ్చి నా పిడికిలి తన చేత్తో పట్టుకుని డబ్బాలో పోయించింది. అందరితో పాటు తలెత్తుకుని కూర్చుని తిన్నాను.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ బంతిని లేపేసింది నేనే.

ఎనభైల్లో మా ఆయనకి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగమై, ఉక్కునగరంలో క్వార్టర్ వచ్చింది. నాకు కాస్త కళ్లు నెత్తికెక్కాయి. ఆదివారం మాత్రం పాత చర్చికే వెళ్లేవాళ్లం. ఓసారి మా వీధిలోని ఆఫీసరుగారి భార్యని వెంటబెట్టుకు వెళ్లాను. భోజనంలో ఆమె పంటికింద రాయి పడింది. పాపం ఆమె వేలితో తీసి పక్కన పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే స్త్రీల కూడికలో లేచాను. అడుక్కొచ్చినట్టుండే ఈ కలగాపులగం బియ్యం ఇంకెన్నాళ్లు, ఆఫీసరుగారింటి నుంచి నెలనెలా సన్నబియ్యం బస్తా వస్తుంది, హాయిగా వండుకుందాం అన్నాను. అడుక్కొచ్చిన అన్న మాట నోట్లోంచి ఎలా వచ్చిందో! నూకలు పట్టుకుని అదే గుమ్మంలో నిలబడిన నోరే అది. అత్త ఒక్కతే, "మరి ఆ డబ్బా?" అంది. తీసేద్దాం అన్నాను.

"సరేనమ్మా" అంది.

మొదటి ఆదివారం అన్నం తెల్లగా, పొడిపొడిగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు, నేను పొంగిపోయాను. వానలు పడేసరికి బంతి సగమైంది. ఆశీర్వాదం కాగానే కాలనీ ఆడవాళ్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతున్నారు. చేపల వదిన ఇంటికే వెళ్లి నిలదీశాను. ఆమె చేతిలో చేప ఆపకుండా తోముతూ చెప్పింది. "నాను పిడికెడు పోసి కూకునీదాన్ని. ఇప్పుడొట్టి సేతుల్తో వొచ్చి కూకోమంటే అది బంతి కాదు వదినా, దరమం."

ఎంత పొగరు అనుకున్నాను. ఆ మాట నాలో దిగడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా ఆఫీసరుగారికి బదిలీ అయింది, బస్తా ఆగింది. మళ్లీ పిడికిళ్లు తీద్దామని పాస్టరుగారు పీఠం మీంచి చెప్పారు, ఎవరూ కదల్లేదు. అలవాటు తప్పిన చెయ్యి మళ్లీ కుండ దాకా వెళ్లదు. గుండిగని పెళ్లిళ్లకి అరువిచ్చారు. డబ్బా పెరట్లో తుప్పు పట్టింది.

అత్తకి క్షమాపణ చెప్పుకోవాలని చాలాసార్లు వెళ్లాను. కిందటి వేసవిలో చాప మీద పడుకుని ఉంది, చిక్కి సగమైంది. "తిన్నావేటమ్మా?" అంది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. పిల్లల మార్కులు చెప్పి లేచొచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నేను ఆ ఆకులైనా పట్టుకోలేదు.

బస్సు దిగి తిన్నగా అత్త ఇంటికే వెళ్లాను. ఆమె కోడలు పొయ్యి వెనక నుంచి ఒక కుండ లాగి చూపించింది. బంతి ఆగిపోయాక కూడా అత్త రోజూ పిడికెడు తీసి అందులో వేసేదట. "ఎవులికి అత్తా అంటే, ఆదివోరానికమ్మా అనీవోరు" అంది. కుండ వంచితే పైన కాసిని గింజలు, కిందంతా పురుగు పట్టి పిండయిపోయింది. పెరట్లో పోశాం. కోళ్లు కూడా ముట్టలేదు.

ఆ ఆదివారం నేనే డబ్బా వెతికి, తుప్పు గీకి, కడిగి, పాత చోటే గుమ్మం పక్కన పెట్టాను. మా ఇంటి బియ్యం పోసి పక్కన నిలబడ్డాను. ఒక్కొక్కరే వచ్చారు, చెప్పులు విడిచారు, డబ్బా వంక చూశారు, లోపలికి వెళ్లారు. చేపల వదిన వంగి లోపలికంటా చూసింది. నా మొహం చూసింది. ఏమైనా అంటుందేమో, తిట్టినా బాగుండును అనుకున్నాను. కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఇప్పటికి మూడు ఆదివారాలు. నిన్న ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోతే డబ్బాలోకి తొంగి చూశాను. అడుగున నా సన్న గింజలే ఉన్నాయి, ముతక గింజ కోసం ఆగి.