దొడ్డితలుపు గడియ

మా సూర్యావతికి నోరు పెద్దదని పనివాళ్ల క్యాంపులో అందరూ అంటారు. నేనూ అంటాను. మొగుడు అచ్చిబాబు నరసాపురంలో నిక్షేపంలా ఉండగా ఈవిడ బహ్రెయిన్ ఎందుకొచ్చినట్టు? అడిగితే, "ఒకింట్లో ఇద్దరుంటే ఒకరు మాట్టాడకుండా ఉండాలి కదే. ఎప్పుడూ ఆయనే ఉంటన్నాడు. జాలేసి వచ్చేశాను" అంటుంది. ఊళ్లో లేసు అల్లిన చెయ్యి, ఇక్కడ మిషను మీద చొక్కాల కాలర్లు కుడుతుంది. నా పక్క మిషనే కాబట్టి ఆ కబుర్లన్నీ నా చెవికే.

తొంభై ఏడు నాటి మాట. మేం కుట్టే చొక్కాలన్నీ అమెరికాకే వెళ్లేవి. మా హాలుకు ముందొక తలుపు, వెనకొక తలుపు. వెనక దానికి ఎప్పుడూ బయట తాళమే. సరుకు దొంగచాటుగా పోతుందని కంపెనీ భయం. ఒకరోజు ముందు తలుపు దగ్గరి ఇస్త్రీ బల్ల మీద గుడ్డ అంటుకుని గుప్పున పొగ లేచింది. వెనక్కి పరిగెత్తాం. తలుపు కదిలితే ఒట్టు. మంట వెంటనే ఆర్పేశారు గానీ తాళం మాత్రం తియ్యలేదు.

ఆ వారమే చొక్కాలు కొనే కంపెనీ తరఫున ఒక అమెరికా పెద్దావిడ చూడ్డానికొచ్చింది. ఆ పూటకి తాళం మాయమైంది. ఖాళీ కొండీ చూసి ఆవిడ ఆగింది. చాలాసేపు మాట్లాడింది. మా సూపర్‌వైజర్ సోమరాజు గారు తెలుగులో చెప్పారు.

వాళ్ల దేశంలో ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచిన కాలంలో, న్యూయార్క్‌లో మాలాగే పొట్ట చేత పట్టుకుని వచ్చిన ఆడపిల్లలు ఒక మేడ మీద బట్టలు కుట్టేవాళ్లట. దొంగతనం భయంతోనే ఒక తలుపుకు తాళం వేశారట. మంటలు లేచాయి. ఎంతోమంది పోయారు. అప్పుడు జనం వీధుల్లోకొచ్చి పోరాడితే, ఫ్యాక్టరీలకు కొత్త చట్టాలొచ్చాయట. విని సూర్యావతి ఒక్క మాటా అనలేదు. జ్వరమొచ్చిందేమో అనుకున్నాను.

అమెరికా ఆవిడ వెళ్లిన మర్నాడే తాళం మళ్లీ వచ్చి కూర్చుంది. ఇదేంటని అడిగితే సోమరాజు గారు నవ్వారు. "మీకు తెలీందేవుందమ్మా? దీపాలేళ దొడ్డితలుపు తీసుంటే లక్ష్మి ఎళ్లిపోద్ది."

నిజమే కదా అని మేమంతా తలలూపాం. మా తెలివి అంత!

సూర్యావతి లేచింది. "ఆయ్, మూసెయ్యండి, వద్దన్లేదు. మా ఇంటికాడా మూత్తాం. కానీ గడియ లోపలుంటాదండి. బయట తాళం ఏసేది మనుషుల్లేని కొంపకి. మేం లేవాండి ఇందులో?"

మిషను ఆపేసి చేతులు కట్టుకుని కూర్చుంది. నేనూ ఆపేశాను. చూస్తుండగానే హాలంతా ఆగిపోయింది. ఆ రోజే ఓడకెక్కాల్సిన సరుకు. సోమరాజు గారికి చెమటలు పట్టాయి.

"యల్లా, యల్లా! కానీండి! ఒక్క జిల్లావోళ్లం, పరువు తియ్యకమ్మా!"

"అందుకేనండి, కూకుని మర్యాదగా అడుగుతన్నాను."

నిశ్శబ్దం విని యజమాని దిగొచ్చాడు. అరబ్బు ముసలాయన. మమ్మల్ని ఊరికి పంపించేస్తాడనుకున్నాను. సోమరాజు గారు నసుగుతూ సంగతంతా చెప్పారు. ఆయన తలుపు వంక చూశాడు, మా వంక చూశాడు. "మా ఇంట్లోనూ గడియ లోపలే" అన్నాడు. "ఖలాస్, ఇంక మాటల్లేవు. లోపల గడియ పెట్టించు."

మధ్యాహ్నానికల్లా బయటి తాళం పోయి, లోపల కొత్త గడియ వచ్చింది. సంజెవేళ సూర్యావతే వెళ్లి తలుపు మూసింది. గడియ పెట్టింది. మేమంతా చప్పట్లు కొట్టి, నవ్వుకుంటూ పనిలో పడ్డాం. ఆవిడ మాత్రం అక్కడే నిలబడిపోయింది. దగ్గరికెళ్లి చూద్దును కదా, కళ్లనిండా నీళ్లు.

"ఇంతేనే" అంది, గడియని వేలితో వెనక్కి జరిపి. "ఇంతుంటే ఆ మేడ మీది పిల్లలు ఇళ్లకెళ్లుందురు."