అప్పులవాళ్లకు కోడికూర

అప్పు తీర్చలేక దివాలా తీసినవాళ్లు లోకంలో బోలెడుమంది. అప్పు వసూలుకు వచ్చినవాళ్లకు వండిపెట్టి దివాలా తీసినవాడు మాత్రం ఒక్కడే. జూలూరుపాడు అవతల తండాలో ఉండే జైరాం ఆ పనిమీద మూడు వందల మేకలు కోశాడు. మూడు వందలు కాకపోవచ్చు. చిన్నప్పుడు బళ్లో అబద్ధమాడొద్దని నేర్పిన సిస్టర్లు గుర్తొచ్చి సగానికి తగ్గిస్తున్నాను. ఆ సగంలోనూ చాలావరకు కోళ్లే. కానీ అప్పు మాట నిజం, వండిపెట్టిన మాటా నిజం.

ఎనభై ఆరులో జైరాంకు లారీ ఓనరు కావాలనిపించింది. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలుతానన్నాడు. కొత్తగూడెంలో ఎవరో వదిలించుకుందామని చూస్తున్న పాత లారీని, అమ్మేవాడే సిగ్గుపడేంత ధర పెట్టి కొన్నాడు. ముందు అద్దం మీద భార్య గోరి పేరు రంగుల్లో రాయించాడు. బ్రేకుల సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఆ లారీ మిల్లు గేటు చూసిన రోజులకన్నా మెకానిక్ షెడ్డులో పడుకున్న రోజులే ఎక్కువ. చివరికి దాన్ని ఇనుము లెక్కన తూచి అమ్మారు. పేరున్న అద్దాన్ని మాత్రం ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాడు.

లారీ పోయింది, అప్పు మిగిలింది. పెద్ద అప్పు జూలూరుపాడులో ఎరువుల దుకాణం ముసలయ్యది. దాని తర్వాతిది అదే ఊళ్లో ఉండే రామన్నది. చిల్లర అప్పులకు లెక్కలేదు. ఆ రోజుల్లో అటువైపు వసూలుకు ఒక పద్ధతి ఉండేది. అప్పిచ్చినవాడు పొద్దున్నే వచ్చి బాకీపడ్డవాడి వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చుంటాడు. తిట్టడు, కొట్టడు. నలుగురూ చూసేలా కూర్చుంటాడంతే. పరువున్నవాడైతే సాయంత్రానికల్లా ఎక్కడో ఒకచోట తెచ్చి ఇస్తాడు. జైరాంకూ పరువుంది, కానీ అది తప్పు చోట ఉంది. వాకిట్లో కూర్చున్న మనిషి అన్నం తినకుండా లేచిపోతే తండాలో తలెత్తుకోలేనని అతని బాధ. బాకీ ఇవ్వకపోతే మాత్రం ఎత్తుకోవచ్చట.

మొదటిసారి ముసలయ్య మండిపడుతూ వచ్చి, త్రేన్చుకుంటూ వెళ్లాడు. ఆ తర్వాత ఆదివారం తప్పకుండా రావడం మొదలుపెట్టాడు. వెంట రామన్న. ముక్కలు అయిపోయేదాకా ఇద్దరూ వడ్డీ మాట ఎత్తేవారు కాదు. తండాలోనే ఉండే రూప్‌సింగ్, జైరాంకు ఒక్క పైసా అప్పివ్వనివాడు, అదే బంతిలో కూర్చుని అందరికన్నా గట్టిగా గదమాయించి అందరికన్నా ఎక్కువ తినేవాడు. ముసలయ్య తిన్న కోడికి డబ్బు రామన్న అప్పిచ్చేవాడు, రామన్న తిన్నదానికి ముసలయ్య. తమ కోడిని తామే వడ్డీకిచ్చి తిన్న మహానుభావులు వాళ్లు.

మరుసటి ఏడు మిరప పండేనాటికి ఇంట్లో చిల్లిగవ్వ లేదు. చేలో రెండెకరాల కాయ ఎర్రబడి చెట్టుమీదే ఉంది. ఏరే కూలీలకు ఇవ్వడానికి డబ్బు లేదు. ఏడాది తిండి ఆ కాయమీదే అని గోరి ఒక్కతే పొద్దున్నుంచీ ఏరుతోంది. జైరాం కొత్తగూడెం వెళ్లి వకీలును కలిశాడు. ఐ.పి. పెట్టమని ఆయన సలహా. దివాలా తీశానని కోర్టుకు చెప్పుకుంటే అప్పులవాళ్లు వాకిట్లోకి రారు, కాకపోతే చేలో పంటా కోర్టు చేతికి పోతుంది. జైరాం సరేనన్నాడు. వకీలు ఫీజుకు డబ్బు లేక ముసలయ్యనే అడిగాడు. ఎందుకని అడక్కుండా ఆయన ఇచ్చాడు. ఆ డబ్బుతో వకీలు దగ్గరికి పోతుంటే సంతలో మంచి మేకపోతు కనిపించింది. ఆదివారం ముసలయ్య వస్తాడు కదా అని దాన్ని తోలుకొచ్చాడు. ఐ.పి. అక్కడితో సరి.

మేకపోతును చూసి గోరి జైరాం చేతిలో తాడు లాక్కుంది. తర్వాత అంది: "దివాలా తియ్యనీకి గూడ అప్పు చేస్తివి. ఆ అప్పును గూడ తాడు కట్టి తోలుకొస్తివి. ఇగ నువ్వు జరుగు."

ఆదివారం అప్పులవాళ్లు వచ్చేసరికి పొయ్యి చల్లారి ఉంది. కూర చేనుకాడ ఉందని జైరాం తలవంచుకుని చెప్పాడు. తెల్లపంచెలు పైకి దోపుకుని, రూప్‌సింగ్‌తో కలిపి ముగ్గురూ ఎండలో అంత దూరం నడిచారు. గట్టుమీద గిన్నె, గిన్నె మూతమీద రాయి. గోరి సాళ్లలో వంగి ఏరుతోంది, తలెత్తలేదు.

"ఏంది గోరీ, పిలిచి నిలబెడుతున్నవ్?" అన్నాడు ముసలయ్య.

"ఇంటికాడ కూసున్నోళ్లకు ఇంటికాడ పెట్టిన సేటూ. చేనుకాడికొచ్చిన అన్నం పనిచేసినోళ్లకే. గిది నేను పెట్టిన రివాజు గాదు."

అది ఎవరూ కాదనలేని రివాజు. కూలివాళ్లకు మోసే సద్దిని గట్టుమీద కూర్చున్నవాడు ముట్టడు. ముసలయ్య గిన్నెవైపు చూశాడు, మబ్బువైపు చూశాడు.

"వాన పడితే కాయ తాలైతది," అంది గోరి. "నాకు పోయేది తిండి. మీకు పోయేది అసలు. నేనొక్కదాన్ని ఏరలేను, మీ ఇష్టం."

తనకసలు బాకీ లేదని రూప్‌సింగ్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

"మరి గిన్ని దినాలు ఏం లెక్కన తింటివి మామా?" అంది గోరి.

రామన్న అతని భుజం పట్టి సాల్లోకి తోశాడు.

ఎరువుల సేటు వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. చెమట తుడుచుకోబోయి కంట్లో కారం పెట్టుకుని చేనంతా తిరిగాడు. జైరాం బిందె మోస్తూ, కొత్త అల్లుళ్లకు చేసినట్టు వాళ్లకు మర్యాదలు చేశాడు. పొద్దువాలాక గోరి అందరికీ కడుపునిండా పెట్టింది. చెట్టుమీద ఇంకా కాయ ఉంది, అది తమ డబ్బే. అందుకని వాళ్లు మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. కళ్లంలో ఆరబోసి, బస్తాలకెత్తి, ఆ బస్తాల మీదే కూర్చుని ఖమ్మం మార్కెట్‌కు వెళ్లారు. అసలు తీరి, ఇంట్లోకి గింజలు మిగిలాయి. వడ్డీ ఏదని ముసలయ్య అడిగితే, ఏరిన కూలి ఇస్తాను, తిన్న కోళ్లు ఇమ్మంది గోరి. ఆయన చెప్పులు వేసుకున్నాడు.

ఇదంతా రాసి మొన్న జైరాంకు చదివి వినిపించాను. చివరిదాకా విని తల అడ్డంగా ఊపాడు.

"అంతా అబద్ధం సారూ. నాకు లారీ లేకుండె. అప్పు లేకుండె. ముసలయ్య సేటు మా గడప ఎన్నడు తొక్కలె."

అతని వెనక గోడకు ఆనించి లారీ అద్దం ఉంది. రంగు వెలిసినా గోరి పేరు చదవడానికి వస్తోంది. మరి ఆ అద్దం ఎక్కడిదని అడిగాను.

వెనక్కి తిరిగి కూడా చూడలేదు జైరాం.

"ఏ అద్దం?" అన్నాడు.