పెండ్లిపత్రికల యుద్ధనౌక

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. మా ఇంట్లో నా మాటను నాలుగుతో భాగించి వింటారు. మా ఆవిడైతే పదితో భాగించి, మిగిలినదాంట్లోంచి కూడా కొంత కొట్టేస్తుంది. ఇప్పుడు చెప్పబోయేదాంట్లోనూ ఒక ముక్క శుద్ధ కల్పన. అదేదో చివర నేనే చెప్తాను. అంతవరకు అన్నీ నమ్మేయండి. పొడవులూ లోతులూ ఎంత సాగదీసినా, ఆ రోజుల్లో నేను పడ్డ భయాన్ని మాత్రం ఒక్క అంగుళం కూడా సాగదీయలేదు. దానికి ఆ అవసరమే లేదు.

ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్లు. గద్వాలలో ఒక టీవీ రిపేరు దుకాణంలో పని. ఇంట్లో మా నాయిన గుంటలోకి కాళ్లు దించి తొక్కే గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. వనపర్తిలో మోటారు వైండింగు పని చేసే నా దోస్తు ఒకడుండేవాడు. కరెంటు వస్తోందో లేదో వేలు పెట్టి చూసేవాడు కాబట్టి వాణ్ని అందరం ఓల్టేజి అనేవాళ్లం. వాడు ఒకరోజు నెట్ సెంటర్లో ఏదో చూసి, కళ్లు బల్బుల్లా వెలిగించుకుని నా దగ్గరికొచ్చాడు. విదేశాల్లో గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు రిమోటుతో నడిచే చిన్న యుద్ధనౌకలు తయారుచేసి చెరువుల్లో వదులుతారట. వాటికి నిజంగానే పేలే చిన్న ఫిరంగులుంటాయట. ఇనుప గుండ్లతో ఒకరి ఓడకు ఒకరు చిల్లులు పొడుస్తారట. ముందు మునిగినవాడు ఓడినట్టు. "వచ్చే ఆయితారం నీదొకటి, నాదొకటి. వీపనగండ్ల అవతల మా మామ చేను పక్కన కుంటున్నది. ఒస్తవా, బుగులైతుందా?" అన్నాడు. భయమా అని అడిగాక ఇరవై ఏళ్లవాడు రానని ఎట్లా అంటాడు?

ఓడ నాలుగడుగులు (సరే, రెండున్నర). వెదురు బద్దలతో అస్థిపంజరం కట్టాను. ఓడ ఒంటికి గుండు దిగేంత పలచని తొడుగుండాలని ఆట నియమం. దానికి వాళ్లు వాడే తేలిక చెక్క మా జిల్లాల్లో ఎవరూ కనీవినీ ఎరగరు కనుక, ఇంట్లో పేరుకుపోయిన పెండ్లిపత్రికలు అతికించి వార్నిష్ కొట్టాను. దాంతో ముందు భాగాన వినాయకుడు, కుడివైపు 'చి.ల.సౌ.', ఎడమవైపు 'విందు' అన్న అక్షరాలు మిగిలాయి. బొమ్మకారు రిమోటు, చెడిపోయిన టేపురికార్డరు మోటారు, టార్చిలైటు సెల్లులు లోపలికి వెళ్లాయి. సైకిలు పంపుతో గాలి కొట్టిన సీసా, దానికో గొట్టం ఫిరంగి అయ్యాయి. సైకిలు చక్రంలోని ఇనుప గుండ్లు అందులోకి మందుగుండు. బుధవారం పొద్దున అమ్మ బట్టలు తడిపే గంగాళంలో జలప్రవేశం చేయించాను. ఓడ, అదే మన చి.ల.సౌ., ఒక్క క్షణం నిలబడి, ఫిరంగి బరువుకు పక్కకు ఒరిగి, నీళ్లలో వెల్లకిలా పడుకుంది.

అడుగున బరువు కావాలి. రాయి పెడితే పట్టదు, ఇసుక పోస్తే కారుతుంది. సన్నగా, పొడుగ్గా, బరువుగా ఉండేదేదో కావాలి. అలాంటివి లోకమంతా వెతికినా దొరకవేమో గానీ మా ఇంట్లో వందలకొద్దీ వేలాడుతున్నాయి. మా నాయిన మగ్గం మీద అంచులో నెమళ్లు దింపే జకార్డు ఉండేది. దాని ఒక్కో దారానికి కింద ఒక్కో సన్నటి ఇనుప పుల్ల కడతారు. పైకి లేచిన దారాన్ని మళ్లీ కిందికి లాగేది ఆ పుల్ల బరువే. బేస్తవారం మధ్యాహ్నం నాయిన తిని కునుకు తీస్తుంటే, గుంటలోకి దిగి ఇరవై నాలుగు పుల్లలు విప్పుకున్నాను. వరసగా విప్పితే తెలిసిపోతుందని అక్కడొకటి ఇక్కడొకటి తీశాను. అదొక తెలివి.

గుంటలోంచి పైకొచ్చాక గానీ ఆ తెలివి ఎంతదో అర్థం కాలేదు. పుల్ల లేని దారం కిందికి దిగదు. దారం దిగకపోతే నెమలికి కాలుండదు, ముక్కుండదు. మగ్గం మీదున్నది ఎవరిదో పెండ్లిచీర. దాన్ని తీసుకోవడానికి సోమవారం పొద్దున సావుకారి మనిషి వస్తాడు. మా నాయిన నేసిన అంచులో తప్పు పట్టినవాడు అప్పటిదాకా గద్వాలలో పుట్టలేదు. ఇప్పుడు నా మూలాన పుట్టబోతున్నాడు.

ఆ సాయంత్రం నాయిన మగ్గంలో కూర్చున్నాడు. నాలుగుసార్లు తొక్కి ఆగాడు. "ఏందిది, మగ్గం గిట్ల దగ్గుతుంది?" అన్నాడు తనలో తనే. ఆయన గుంటలోకి వంగేసరికి నేను వీధిలో ఉన్నాను. చీకటి పడ్డాక పిల్లిలా వచ్చి చూస్తే మగ్గం మామూలుగానే నడుస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. అదే నన్ను చంపింది. తిడితే ఒక లెక్క, కొడితే ఒక లెక్క. తెలుసో తెలియదో తెలియని నాయినతో ఒకే కప్పు కింద మూడు రోజులు ఎట్లా ఉంటారో మీరే చెప్పండి. టక్ అని మగ్గం పలక పడినప్పుడల్లా మెడ మీద పడ్డట్టుండేది. అంచు వైపు ఓరగా చూస్తే నెమళ్లు సలక్షణంగానే కనిపించేవి. తప్పంతా అడుగున పేరుకుంటోందేమోనని ఇంకా హడలిపోయేవాణ్ని. గుంట వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. "వానికేమన్న గాలి సోకిందేమో, జర దవాఖానకు తోల్కపోరాదు" అని అమ్మ అంటుంటే విన్నాను.

ఆదివారం సాయంత్రానికల్లా పుల్లలు తెచ్చి కట్టేస్తే చాలు, ఇక జన్మలో ఓడ ముట్టనని ఒట్టేసుకుని బస్సెక్కాను. దుప్పట్లో చుట్టి ఒళ్లో పడుకోబెట్టుకున్న ఓడను చూసి పక్క సీటు అవ్వ, "ఆడపిల్లనా, మొగపిల్లగాడా? మొకం జర సూపియ్యి నాయినా" అంది. దుప్పటి తొలగించాను. ఫిరంగి బయటికొచ్చింది. అవ్వ లేచిపోయి, దిగేదాకా డ్రైవరు పక్కనే నిలబడింది.

కుంట మధ్యలో మెడలోతు ఉంటుందన్నాడు ఓల్టేజి. నాకు ఈత రాదు. ఓడలు రెండూ నీళ్లలోకి దిగాక, తాపీగా, "మామ జెప్పిండు, మొన్న కృష్ణల కెళ్లి ఒక మొసలి ఈడికొచ్చిందంట. మనకేంలే, మనం గడ్డ మీదనే ఉంటం గద" అన్నాడు. పుల్లల పుణ్యమా అని చి.ల.సౌ. నిటారుగా, రాణిలా కదిలింది. నా మొదటి గుండు వాడి ఓడ మీదుగా పోయి తుమ్మచెట్టును ఓడించింది. వాడి మొదటి గుండు వినాయకుణ్ని వదిలేసి విందులో దిగింది. రెండోది, మూడోది... నీళ్లు లోపలికి పోయాయి. ఇరవై నాలుగు పుల్లలూ నిలబెట్టినంత శ్రద్ధగానే కిందికి లాగాయి. కుంట నట్టనడుమ రెండు బుడగలొచ్చాయి. అంతే.

"గెలిస్తి!" అని ఓల్టేజి ఎగిరాడు. తిరిగి చూస్తే నేను ఏడుస్తున్నాను. "వారీ, ఆటనే గదరా, గట్ల ఏడుస్తవేంది?"

"ఆట కాదుర... దాంట్ల మా నాయిన మగ్గమున్నది."

ఒక పక్క మొసలి, ఇంకో పక్క నాయిన. తూకం వేసి చూసుకున్నాను. మొసలి ఒక్కసారే మింగుతుంది. సోమవారం పొద్దున సావుకారి మనిషి ముందు చీర విప్పుతూ తల వంచుకున్న నాయినను నేను బతికినన్నాళ్లూ చూస్తుండాలి. నడుముకు తాడు కట్టుకున్నాను. కొస పట్టుకున్న ఓల్టేజి ఎంతో బాధ్యతగా అడిగాడు: "మొసలి పట్టిందనుకో, తాడు గుంజాల్నా, ఇడ్సిపెట్టాల్నా? ఇప్పుడే జెప్పు, మల్ల నన్ననొద్దు."

బురద చల్లగా పాదాలను పట్టుకుంటోంది. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. కాలికి తగిలిన ప్రతి కట్టెకూ పళ్లున్నాయి. చివరికి వెదురు బద్ద తగిలింది. ముక్కు మూసుకుని మునిగి, పెండ్లిపత్రికలు చేతుల్లో పేలికలవుతుంటే, మొత్తం కళేబరాన్ని ఎత్తుకుని వెనక్కి నడిచాను. అప్పుడు అవతలి గట్టు మీద నేను మొద్దు అనుకున్నది కదిలింది. ఆరడుగులుంటుంది (ముందు పన్నెండని రాసి కొట్టేశాను). చప్పుడు లేకుండా నీళ్లలోకి జారింది. ఓల్టేజి తాడు గుంజనూ లేదు, ఇడ్సిపెట్టనూ లేదు. తాడుతో సహా పరుగెత్తాడు. నేను గట్టుకు చేరింది ఆ పరుగు వల్లే. లెక్క చూసుకుంటే పుల్లలు ఇరవై మూడే ఉన్నాయి. ఇరవై నాలుగోదాని కోసం వెనక్కి పోదామా అని వాణ్ని అడగలేదు. అడిగే దూరంలో వాడు లేడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. నాయిన నన్ను చూడగానే మగ్గం దిగి, చేతికందిన కట్టె తీసుకుని, గద్వాల కోట చుట్టూ మూడు ప్రదక్షిణాలు తరిమి, చీరలు కొనడానికి వచ్చిన పొరుగూరివాళ్లందరి ఎదుట ఇరవై నాలుగు దెబ్బలు, పుల్లకొకటి చొప్పున, లెక్కపెట్టి మరీ కొట్టాడు.

ఇదే ఆ ముక్క. మొసలే అబద్ధమని మీరు అనుకుని ఉంటారు. మొసలి నిజం. ఈ దెబ్బలే కల్పన.

జరిగింది ఇంతే. నాయిన నేస్తూనే ఉన్నాడు. తల ఎత్తకుండా, "పడవ తేలిందా?" అన్నాడు.

"తేలింది నాయినా. మల్ల మునిగింది."

ఎడమచేయి చాపాడు. పుల్లలు పెట్టాను. వేళ్లతోనే లెక్కపెట్టాడు. "ఒకటి తక్కువున్నది."

"కుంటల పడ్డది. ఆడ మొసలి..."

"మొసలికెందుకురా అది? అదేమన్న మగ్గం నేస్తదా?"

అప్పుడు చూశాను గుంటలోకి. నేను విప్పిన ఇరవై నాలుగు చోట్లా రెండేసి మేకులు వేలాడుతున్నాయి. బరువు సరిపోయేలా వాటికి పాత నూలు చుట్టి ఉంది. ఎవరు వేశారో వెతకనక్కర్లేని ముళ్లు. బేస్తవారం చీకటి పడేలోపే కట్టేసినట్టున్నాడు. చీరలో నెమళ్లన్నీ రెండు కాళ్ల మీద నిలబడే ఉన్నాయి. లోపలి నుంచి అమ్మ, "గింత జేస్తే ఒక్క దెబ్బన్న ఏయరాదు వానికి?" అంది. నాయిన దారపు నాడె విసురుతూ, "మూడొద్దుల సంది వానికి వాడే ఏసుకుంటుండు. నడుమ నేనెందుకు?" అన్నాడు.

ఆ మగ్గం ఇప్పుడు మా తమ్ముడు నేస్తున్నాడు. దానికి ఒకచోట ఇప్పటికీ రెండు మేకులే వేలాడుతున్నాయి. నేను మాత్రం ఇన్నేళ్లుగా కనబడ్డవాళ్లందరికీ ఇరవై నాలుగు దెబ్బల కథే చెప్తూ వచ్చాను. ఎందుకంటే తిన్న దెబ్బలైతే ఎప్పుడో మానిపోయేవి. పోయిన ఎండాకాలం చుట్టాల ఎదుట ఆ కథే చెప్తుంటే, మంచం మీద కూర్చుని మా నాయినా విన్నాడు. అందరూ నవ్వి లేచిపోయాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఎన్ని గొట్టిన్రా నేను?"

"ఇరవై నాలుగు, నాయినా."

"ఎక్కువ జెప్తున్నవ్," అన్నాడు. "నువ్వు తెచ్చింది ఇరవై మూడే."